ఏ షిఫ్టు, బీ షిఫ్టు, వీసీఆర్

వీడియో రికార్డర్ల చరిత్ర ఎవరు రాసినా బీటామ్యాక్స్, వీహెచ్‌ఎస్‌ల పోరుతోనే మొదలెడతారు. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది, మరుసటేడు జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చింది, బొమ్మ బాగున్నది ఓడింది, టేపు పొడుగున్నది గెలిచింది. కథ బాగానే ఉంటుంది గానీ అది విశాఖలోని మా మల్కాపురానికి అతకదు. అమెరికాలో మొదటి బీటా కేసెట్టులో గంట మాత్రమే పట్టేది, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు. మన టీవీ పద్ధతి పాల్. అందులో బీటా పెద్ద కేసెట్టు మూడుంబావు గంటలు నడిచేది, వీహెచ్‌ఎస్ ఈ-180 మూడు గంటలు. రెండున్నర గంటల తెలుగు సినిమా ఎందులో పెట్టినా టైటిల్స్ నుంచి శుభం కార్డు దాకా ఒద్దికగా కూర్చునేది. అంచేత ఆ గొడవ వాళ్లకు వదిలేద్దాం. నాకు పోల్చాలనిపించేది ఒకే పెట్టె అక్కడా ఇక్కడా బతికిన రెండు బతుకుల్ని.

అక్కడ ఆ పెట్టెకు ప్రాణం ఎర్ర బటన్‌లో ఉంది. సోనీ అధిపతి అకియో మొరీటా దాన్ని ‘టైమ్ షిఫ్ట్’ అనే మాటతో అమ్మాడు. టీవీ వాడు వేసినప్పుడు కాకుండా నీకు వీలైనప్పుడు చూసుకో అని. ఒక చానల్లో కొలంబో, ఇంకో చానల్లో కొజాక్ వస్తుంటే ఏదీ వదులుకోనక్కర్లేదని ప్రకటన కూడా తయారైంది. ఆ రెండు సీరియళ్లూ యూనివర్సల్ వాళ్లవే. 1976లో యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీ మీద దావా వేశాయి. అది ఏడేళ్లకు పైగా నలిగి, 1984 జనవరి 17న సుప్రీంకోర్టులో అయిదుగురు అవును, నలుగురు కాదు అన్నాక తేలింది: ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే నేరం కాదు.

మల్కాపురంలో అప్పట్లో మాకు ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. ఏది వదులుకోవాలన్న బాధ ఎక్కడిది? డాబా మీద ఒకడు యాంటెన్నా గొట్టం పట్టుకుని తిప్పేవాడు, కింద ఇంకొకడు కిటికీలోంచి అరిచేవాడు. “బొమ్మొచ్చిందేటిరా?” “రానేదు, ఇంకొంచెం సముద్రం పక్కకి తిప్పు!” ఉప్పుగాలికి అల్యూమినియం ఊచలు పొడి రాలేవి. అంత కష్టపడి తెప్పించిన బొమ్మలో ఎక్కువ భాగం హిందీ. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల్లో తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాసేవి. వచ్చినా అది అవార్డు సినిమా అయ్యుండేది, సగంలో ఇంట్లోవాళ్లు లేచిపోయేవారు. ఇందులో దాచుకోవాలనిపించేది ఏముంది?

అందుకే మావాళ్లు దాన్ని రికార్డర్ అననేలేదు. డెక్ అన్నారు. ఓడల మీద పనిచేసేవాళ్లు, గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు తెచ్చుకున్నవి ఒకటో రెండో వీధిలో ఉండేవి. మిగతావాళ్లది అద్దె డెక్కే. కలర్ టీవీతో కలిపి దుప్పటి చుట్టి రిక్షాలో వచ్చేది. దుకాణం తెచ్చిచ్చే పెట్టెల్లో చాలావాటికి ఎర్ర బటనే లేదు. అవి ప్లేయర్లు, వీసీపీలు. అమెరికాలో కోర్టుకెక్కిన బటన్, మా అద్దె కొట్టువాడి లెక్కలో అనవసరమైన ఖర్చు.

వీసీఆర్ ప్రేక్షకుణ్ణి గడియారం నుంచి విడిపించిందని విమర్శకులు రాస్తారు. మొరీటా ఊళ్లో అయ్యుండొచ్చు. మా వీధిలో దానంత నిక్కచ్చి గడియారం ఇంకొకటి లేదు. ఏడెనిమిదిళ్లు చందా వేసుకున్న అద్దె. రాత్రి తొమ్మిదికి మొదలు, మూడు సినిమాలు, తెల్లారేసరికి పెట్టె కొట్టుకు చేరాలి. పాజ్ బటన్ ఉందని అందరికీ తెలుసు, నొక్కినవాడికి తిట్లు. నిద్రొస్తే చందా వృథా. దూరదర్శన్ రాత్రయితే తనే సెలవు చెప్పేది, డెక్ మాత్రం పడుకోనిచ్చేది కాదు. నా మటుకు దూరదర్శనే దయగల యజమాని.

చట్టం సంగతి కూడా పక్కపక్కన పెట్టి చూడదగ్గదే. అమెరికా కోర్టు ఇంటి రికార్డింగును వదిలేసిన ఆ 1984లోనే మన పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించింది. వీడియో సినిమా మీద సెన్సారు సర్టిఫికెట్టు నకలు, తీసినవాడి పేరు, హక్కుదారుడి పేరు కనబడాలంది. దొంగ నకళ్లకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. వాళ్ల భయం డ్రాయింగ్ రూములో ఒంటరిగా బటన్ నొక్కేవాడి గురించి. మన భయం కొట్టు వెనకగదిలో రెండు డెక్‌లకు వైరు కలిపి నకలుకు నకలు తీసేవాడి గురించి. మూడో చెయ్యి మారిన కేసెట్టులో హీరోయిన్ చీర ఎరుపు అంచు దాటి పక్కవాడి భుజం మీదికి కారేది.

మూత తీసిన డెక్‌ను నేను మొదటిసారి చూసింది మెకానిక్ బల్ల మీద, మా చందా రాత్రి టేపు నమిలేసిన మర్నాడు. లోపల వాలుగా కూర్చున్న వెండిరంగు డ్రమ్ము. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుందని చెప్పాడాయన. టేపు మాత్రం సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. డ్రమ్ములోని సన్నటి హెడ్‌లు దాని మీద ఏటవాలు గీతల్లా చదువుకుంటూ పోతాయి. హెడ్‌కు మట్టి పడితే బొమ్మ మీద మంచు కురుస్తుంది. ఆయన స్పిరిట్‌లో తడిపిన తెల్లకాగితం ముక్కను డ్రమ్ముకు ఆనించి, చేత్తో డ్రమ్మును తిప్పాడు. కాగితం మీద గోధుమరంగు గీత పడింది. “ఇదేటనుకున్నావ్? మీ సినిమాయే” అన్నాడు.

ఆ మాట వేళాకోళంగా అన్నా నిజమే. పాజ్‌లో టేపు ఆగుతుంది, డ్రమ్ము ఆగదు, అదేచోట రుద్దుతూనే ఉంటుంది. వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూసిన జాగా ముందు అరుగుతుంది. అద్దె కేసెట్టులో ఏ పాట దగ్గర గీతలు మొదలయ్యాయో చూస్తే, మనకన్నా ముందు చూసిన వీధులవాళ్లకు ఏది నచ్చిందో తెలిసిపోయేది. అమెరికావాడి కేసెట్టు వాడొక్కడిదే, వచ్చేవారం దాని మీదే ఇంకోటి ఎక్కుతుంది. మా కేసెట్టు వందమందిది. తర్వాతొచ్చిన వీసీడీకి ఆ గుణం లేదు. ఒక సినిమాకు రెండు మూడు బిళ్లలు, గీత పడితే బొమ్మ గళ్లుగళ్లుగా బిగుసుకుపోవడమే. దాని మీద గీతను చూసి ఎవరి ఇష్టమూ చెప్పలేం.

అయితే ఎర్ర బటన్ మా వీధికి అసలు పట్టనిదేం కాదు. 1988 అక్టోబరు 2న మహాభారతం మొదలైంది. ఆదివారం పొద్దున ఊరంతా టీవీ ముందుంటే, ఏ షిఫ్టువాళ్లు అయిదున్నరకే సైకిలెక్కి పోయేవారు. మల్కాపురం షిఫ్టుల ఊరు. రిఫైనరీ మంటకు ఆదివారం లేదు. మొరీటా మాటలోని షిఫ్టు, మా నాన్న మాటలోని షిఫ్టు మా వీధి చివర మావయ్యగారింట్లో కలిశాయి. ఆయన దగ్గర నిజమైన వీసీఆర్ ఉంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని గడియారం సున్నాలు మిటకరించేది కనక టైమర్ను ఎవరూ నమ్మలేదు. ఆ ఉద్యోగం నాది. భాగం మొదలవగానే నొక్కాలి, ప్రకటన రాగానే పాజ్. డెక్ ఒక అడుగు వెనక్కేసి ముందుకు దూకేది, ఎంత చురుగ్గా ఉన్నా సబ్బుపొడి తోక మిగిలిపోయేది. “మళ్లీ సబ్బుపొడి ఎక్కించీసేవేటిరా!”

రెండున్నరకు నాన్నా వాళ్లూ వచ్చి, అన్నాలు తిని, మూడింటికి మావయ్యగారి చాప మీద చేరేవారు. సీ షిఫ్టు చేసి పొద్దున్నే నిద్రపోయినవాళ్లూ అప్పటికి లేచి వచ్చేవారు. అక్కడ టైమ్ షిఫ్ట్ అంటే ఎవడి వీలు వాడిది. ఇక్కడ అది మ్యాట్నీ అయింది. అగరొత్తి కూడా రెండోసారి వెలిగేది.

2016 జూలైలో ఫునాయి కంపెనీ చివరి వీసీఆర్ల తయారీ ఆపేసినప్పుడు పత్రికలన్నీ నివాళులు రాశాయి. మాకు అది ఎప్పుడో పోయింది. కేబులువాడు తన గదిలో డెక్ పెట్టి వీధి మొత్తానికి సినిమా వేసినప్పుడు సగం, 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక మిగతా సగం.

మావయ్యగారి కేసెట్టు ఒకటి నా దగ్గరుంది. అసలది ఆయన కూతురి పెళ్లి వీడియో. చెరపకూడదని వీడియోగ్రాఫరు కేసెట్టు వీపున ఉన్న ప్లాస్టిక్ నాలుక విరిచేశాడు. ఒక ఆదివారం ఖాళీ కేసెట్టు లేక, మావయ్యగారు ఆ కన్నం మీద సెల్లోటేపు అంటించి నా చేతికిచ్చారు. “భోజనాలే కదరా, ఎక్కించీ” అన్నారు. భీష్ముడు అంపశయ్య మీద ఏదో చెబుతుంటాడు, చటుక్కున వీడియో లైటు వెలుగులో పంక్తి, ఎవరో ఆవిడ చేయి అడ్డం పెట్టి చాలు చాలంటుంది, వడ్డించేవాడు వినడు. అక్కణ్ణుంచి పెళ్లే. ఇప్పుడు రీలు అంచుల్లో తెల్లటి బూజు పట్టింది. సెల్లోటేపు మాత్రం పసుపురంగు తిరిగి అలాగే ఉంది.