రమాబాయి ప్రయాణాలు: ఎవరి వికాసం?

ప్రయాణం మనిషిని విశాలం చేస్తుందన్న మాట మన యాత్రాసాహిత్య విమర్శలో తరచూ దొర్లుతుంది. ఏ మనిషిని? ఇల్లూ వంటా పిల్లలూ ఎవరో చూసుకుంటుంటే బయల్దేరగలిగిన మనిషిని కాబోలు. పండిత రమాబాయి (1858–1922) జీవితాన్ని ఈ సూత్రంలో ఇమడ్చబోతే మొదట్లోనే పిగిలిపోతుంది.

ఆమె బాల్యమంతా నడకే. భార్యకు సంస్కృతం నేర్పి సాటి పండితుల ఆగ్రహానికి గురైన తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, ఉన్నదంతా కరిగిపోయాక కుటుంబంతో క్షేత్రాలు తిరుగుతూ పురాణం చెప్పేవాడు. ఆ దారుల్లోనే తల్లి లక్ష్మీబాయి కూతురికి సంస్కృతం నేర్పింది. తర్వాత కరువు ఆ తల్లిదండ్రులిద్దర్నీ మింగేసింది. మిగిలిన అన్నాచెల్లెళ్లు నడుస్తూనే 1878లో కలకత్తా చేరారు. దీన్ని సాహసయాత్ర అంటామా? ఎంచుకున్నది కాదు కదా! అయినా ఆమె చూపు పదునెక్కింది ఇక్కడే. ఒక క్షేత్రంలో భక్తులు మొక్కే 'తేలే కొండలు' తెప్పల మీద పేర్చిన మట్టేనని అన్న ఈదుకుంటూ వెళ్లి కనిపెట్టిన సంగతి ఆమె తన ఆత్మకథనంలో చెప్పింది.

1883లో కూతురు మనోరమతో ఇంగ్లండు వెళ్లింది. వెంట వెళ్లిన ఆనందీబాయి భగత్ అక్కడే ఆత్మహత్య చేసుకుంది. 1886లో ఏ ఆనందీబాయి జోషి పట్టా ఉత్సవానికి రమాబాయి ఫిలడెల్ఫియా వెళ్లిందో ఆ డాక్టరు స్వదేశం చేరిన కొద్ది నెలలకే, 1887లో, ఇరవై రెండేళ్లయినా నిండకుండా క్షయతో చనిపోయింది. 'ప్రయాణం వల్ల వికాసం' అని రాసేటప్పుడు ఈ ఇద్దర్నీ ఏ లెక్కలో వేస్తాం? తిరిగొచ్చి నిలబడినవాళ్ల కథలతోనే సిద్ధాంతం కట్టేయడం మనకి అలవాటైపోయింది.

1889లో వచ్చిన రమాబాయి మరాఠీ పుస్తకం అమెరికా స్త్రీల చదువునీ సంఘాలనీ మెచ్చుకుంటుంది, కొన్నిచోట్ల అతిగానే. వితంతువుల బడి కోసం విరాళాలు అడుగుతూ తిరిగిన మనిషి రాసిందని గుర్తుంచుకోవాలి. కానీ నల్లజాతివారి మీద వివక్షనీ, ఆదివాసులకు జరిగిన అన్యాయాన్నీ దాటెయ్యలేదు. తెప్పల సంగతి తెలిసిన కళ్లు మరి! అదే ఏడు మార్చిలో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. యాత్రాగ్రంథంలో మనం వెతికే 'నేను' ఈ పుస్తకంలో చాలా తక్కువ. పేరులోనే 'లోకస్థితి' ముందు, 'ప్రవాసవృత్త' తర్వాత.