మైనం దిమ్మెలోని సాక్ష్యం

ఊపిరాడక చనిపోయిన మనిషి ఊపిరితిత్తుల్లో ఏ వైరస్ ఉందో పోయాక తెలిసి ఏం లాభం అని అడిగేవాళ్లు ఉన్నారు. 2009 స్వైన్‌ఫ్లూ ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. అమెరికాలో ఆ జబ్బుతో చనిపోయిన 77 మంది ఊపిరితిత్తుల ముక్కలను అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ల్యాబ్ పరీక్షించింది. అందరికీ ఇన్‌ఫ్లుయెంజా ఉందని ముందే తేలింది. అయితే 22 మందిలో వైరస్‌తో పాటు బ్యాక్టీరియా కూడా బయటపడింది. వాళ్లలో 10 మందికి న్యుమోకాకస్ అనే న్యుమోనియా బ్యాక్టీరియా. ఆ మహమ్మారి మొదట్లో వచ్చిన నివేదికల్లో బ్యాక్టీరియా జాడ పెద్దగా లేదు. ఈ ముక్కల్ని ఎవరూ చూడకపోతే ఆ అభిప్రాయమే ఇంకొంత కాలం చలామణి అయ్యేది. న్యుమోనియా టీకా మీద, సకాలంలో యాంటీబయాటిక్ ఇవ్వడం మీద డాక్టర్ల దృష్టి అంత గట్టిగా పడేది కాదు. పోయినవాళ్లు ఉన్నవాళ్లకు చేసిన మేలు అది. ఆ మేలును మనదాకా తెచ్చినవి ల్యాబ్ పనివాళ్ల చేతులు. ఈ వ్యాసం ఆ చేతుల పనితనం గురించి.

ఈ పనిలో వైరస్ దొరికిందని చెప్పడం తేలికైన భాగం. దొరికింది నిజమేనా, బయటినుంచి అంటుకున్నదా, అది ఊరికే ఉందా, ప్రాణం తీసింది అదేనా అని తన ఫలితాన్ని తానే నిలదీయడం కష్టమైన భాగం. ఇందులో ప్రతి పద్ధతీ ఆ నిలదీతతోనే తయారైంది. నాకు దీని మీద ఉన్న గౌరవమంతా అక్కడినుంచి పుట్టిందే.

పని మొదలయ్యేది మార్చురీలో. ఊపిరితిత్తి పెద్దది, వైరస్ దాని నిండా సమానంగా పరుచుకుని ఉండదు. మామూలు ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువగా వాయునాళం, పెద్ద శ్వాసనాళాల లోపొరను పట్టుకుంటుంది. అంచునుంచి ఒక్క ముక్క కోసి సీసాలో వేస్తే వైరస్ చేతికి చిక్కకుండా పోవచ్చు. అందుకే వాయునాళం పైభాగం, కిందిభాగం, కుడి ఎడమ శ్వాసనాళాలు, అవి ఊపిరితిత్తిలోకి దిగే నడిమి చోటు, రెండువైపులా గాలితిత్తులు, ఇలా ఒక్కో చోటునుంచీ విడివిడిగా ముక్కలు తీయాలని నియమం పెట్టారు. చోటు మారినప్పుడల్లా కత్తి, పట్టకారు మార్చాలి. ఒకచోటి వైరస్ ఇంకోచోటికి కత్తి మీద ఎక్కి వెళ్తే తర్వాత ఏ యంత్రమూ దాన్ని సరిదిద్దలేదు. కాలంతో కూడా పోటీయే. ప్రాణం పోయిన క్షణం నుంచి కణాల్లోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను తుంచేస్తుంటాయి. శ్వాసకోశ వైరస్‌లలో ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే కాబట్టి గంటలు గడిచేకొద్దీ సాక్ష్యం పలచబడుతుంది.

యానాంలో ఉండి ఆలోచిస్తే తర్వాతి మెట్టు అయిన ఫార్మలిన్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఈ ఊరు గోదావరి ఒడ్డున, కాకినాడకు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాలన మాత్రం దాదాపు 870 కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరిది. వైరస్ పరీక్షలకు ప్రాంతీయ స్థాయి ల్యాబ్ ఉన్న వైద్య సంస్థ జిప్‌మర్ కూడా అక్కడే. మైనస్ 70 డిగ్రీల చలిలో ఉంచాల్సిన పచ్చి ముక్కను మే నెల ఎండలో అంత దూరం పంపాలంటే డ్రై ఐస్ కావాలి, అది దారిలో అయిపోకూడదు. ఫార్మలిన్‌లో వేసిన ముక్కకు ఆ బెంగ లేదు. అది కుళ్లదు, మామూలు వేడిలో ప్రయాణం చేస్తుంది, తీసుకెళ్లే మనిషికి వైరస్ అంటించే ప్రమాదమూ చాలావరకు పోతుంది.

అలాగని ముక్కను ఎలాగోలా ఫార్మలిన్‌లో పడేస్తే సరిపోదు. ఫార్మలిన్ లోపలికి ఇంకే వేగం గంటకు సుమారు ఒక మిల్లీమీటరే. ముక్క అర సెంటీమీటరు కంటే మందంగా ఉంటే పైపొర నిలిచి నడిమి భాగం పాడవుతుంది. ముక్క పరిమాణానికి పది రెట్లు ఫార్మలిన్ పోయాలి. సుమారు మూడు రోజులు ఉంచితే చాలు, వారాల తరబడి వదిలేస్తే ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది. ఫార్మలిన్ చేసే మేలు, కీడు ఒకచోటినుంచే వస్తాయి. ప్రొటీన్లను, ఆర్‌ఎన్‌ఏను ఒకదానికొకటి ముడివేసి కణాన్ని ఉన్నది ఉన్నట్టు ఆపేస్తుంది. ఆ ముడులే తర్వాత ఆర్‌ఎన్‌ఏను బయటికి లాగేవాడికి అడ్డం పడతాయి.

నిలిచిన ముక్కను ఆల్కహాల్‌లో నీరు పోగొట్టి, జైలీన్‌లో ముంచి, కరిగిన పారాఫిన్ మైనంలో పొదిగి దిమ్మెగా పోస్తారు. ఆ దిమ్మె గది వేడిలోనే దశాబ్దాలు ఉంటుంది. దాన్ని మైక్రోటోమ్‌కు బిగించి నాలుగైదు మైక్రాన్ల మందాన కోస్తారు. తలవెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. బ్లేడు కిందినుంచి మైనం పొరలు ఒకదాని వెంట ఒకటి అంటుకుని రిబ్బన్‌లా వస్తాయి. టెక్నీషియన్ దాన్ని బ్రష్ కొసతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడతలు వాటంతట అవే విచ్చుకుంటాయి. అప్పుడు గాజు స్లైడును అడుగునుంచి తెచ్చి పొరను ఎత్తుకోవాలి. ఆత్రేయపురంలో కుండ మీదినుంచి పూతరేకు చిరగకుండా తీసే చేతికి ఎంత సాధన కావాలో దీనికీ అంతే కావాలి. ఇంకో దిమ్మె ఎక్కించేముందు బ్లేడు మార్చడం, మధ్యలో ఏ కణజాలమూ లేని ఉత్త మైనం దిమ్మెను కోసి దాన్ని కూడా చివరిదాకా పరీక్షించడం జాగ్రత్త ఉన్న ల్యాబుల పద్ధతి. ఉత్త మైనంలో వైరస్ కనిపించిందంటే ఆ రోజు పని మొత్తం అనుమానమే.

కోవిడ్ పుణ్యమా అని ఆర్టీపీసీఆర్ అంటే అందరికీ తెలుసు. ముక్కులో పుల్ల పెట్టి తీసిన శాంపిల్‌కూ, మైనంలో ఉన్న ఊపిరితిత్తికీ మాత్రం చాలా తేడా ఉంది. ఇక్కడ ముందు మైనం కరిగించి తీసేయాలి, ఎంజైముతో ప్రొటీన్లను జీర్ణం చేయాలి, వేడి చేసి ఫార్మలిన్ ముడులు విప్పాలి. ఇంత చేశాక మిగిలేది తునకలైన ఆర్‌ఎన్‌ఏ. పొడవైన భాగాన్ని వెతికితే దొరకదు కనుక వందకు అటూ ఇటుగా అక్షరాలుండే చిన్న భాగాలనే గురిచూసేలా ప్రైమర్లు (వెతికే చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ తునకలు) రూపొందిస్తారు. నలభై చుట్లు తిరిగేసరికి ఒక్క ప్రతి లక్ష కోట్ల ప్రతులవుతుంది. ఇంత పెంచే పరీక్ష ఏ చిన్న మురికినైనా అంతే పెంచుతుంది. పక్కనే మనిషి సొంత జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతారు. అది కూడా దొరకకపోతే వైరస్ లేదని రాయరు, ముక్క పరీక్షకు పనికిరాలేదని రాస్తారు. లేదు అన్న మాటకూ తెలియదు అన్న మాటకూ మధ్య గీత గీసే ఆ నిజాయితీ నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

పీసీఆర్ వైరస్ ఉందని చెబుతుంది, ఎక్కడుందో చెప్పలేదు. ముక్కనంతా నూరి చూసే పరీక్ష కదా. చోటు చూపేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. వైరస్ ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని స్లైడు మీద వేసి, అది అతుక్కున్నచోట రంగు పుట్టిస్తారు. చాలా ల్యాబులు గోధుమ రంగు వాడతాయి. ఊపిరితిత్తుల పని చేసేవాళ్లలో కొందరు ఎరుపునే ఎంచుకుంటారు. పొగ, దుమ్ము పీల్చిన ఊపిరితిత్తిలో నల్లటి మసి మచ్చలు ఉంటాయి, పాత రక్తస్రావం గోధుమ రంగు మరకలు మిగుల్చుతుంది. వాటి మధ్య గోధుమ రంగు వేస్తే కన్ను మోసపోతుంది. నీలం నేపథ్యంలో ఎరుపు పొరపాటుకు తావివ్వదు. అదే ముక్కనుంచి తీసిన పక్క పొర మీద అసలు యాంటీబాడీ బదులు మామూలు సీరం వేస్తారు. అక్కడా ఎరుపు కనిపిస్తే మొదటి స్లైడుకు విలువ లేదు.

అనుభవం ఉన్న పాథాలజిస్టు ఆ ఎరుపు కణంలో ఏ మూల ఉందో కూడా చూస్తారు. ఇన్‌ఫ్లుయెంజా కణ కేంద్రకంలో పెరుగుతుంది కాబట్టి దాని న్యూక్లియోప్రొటీన్ కేంద్రకంలోనూ మెరుస్తుంది. కరోనా వైరస్ కేంద్రకం జోలికి పోకుండా చుట్టూ ఉన్న ద్రవంలో ఉంటుంది. రంగు శ్వాసనాళం లోపొరలో ఉంటే వైరస్ అక్కడ కాపురం పెట్టిందనుకోవాలి. చెత్తను మింగే మాక్రోఫేజ్‌లో మాత్రమే ఉంటే అది మింగిన వైరస్ శవం కావచ్చు.

ఆ అనుమానాన్ని తీర్చడానికే ఇన్ సిటూ హైబ్రిడైజేషన్ ఉంది. ఇది ప్రొటీన్‌ను వదిలి ఆర్‌ఎన్‌ఏనే స్లైడు మీద వెతుకుతుంది. కరోనా వైరస్ తన కవచంలో మోసుకొచ్చేది పాజిటివ్ ఆర్‌ఎన్‌ఏ పోగు. దానికి ఎదురు పోగు తయారయ్యేది వైరస్ కణంలో తనను తాను నకలు చేసుకునేటప్పుడే. ఆ ఎదురు పోగును మాత్రమే పట్టే ప్రోబ్ వేసి చుక్కలు కనిపిస్తే, ఆ మనిషి ఊపిరితిత్తిలో ఆ కణంలోనే వైరస్ పెరుగుతూ ఉండిందని ధైర్యంగా రాయవచ్చు. ఉండటానికీ పెరగటానికీ తేడాను ఒక్క కణం దగ్గర తేల్చడం కంటే సూక్ష్మమైన పని నాకు తెలియదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వైరస్‌నే కళ్లముందు పెడుతుంది. దానికీ కాపలా కావాలి. 2020లో మూత్రపిండాల్లో కరోనా వైరస్ కనిపించిందని కొన్ని పత్రాలు వచ్చాయి. సీడీసీకి చెందిన సింథియా గోల్డ్‌స్మిత్, షరీఫ్ జకీ తదితరులు వాటి ఫొటోల గురించి హెచ్చరించారు. కణాల్లో సహజంగా ఉండే, చుట్టూ ముళ్లలాంటి పొర ఉన్న చిన్న సంచులు చూపుకు కరోనా వైరస్‌లాగే ఉంటాయి. అందుకే ఒక్క పద్ధతి మాటను ఎవరూ తీర్పుగా తీసుకోరు. కణజాలంలో దెబ్బ, పీసీఆర్, రంగు, ప్రోబ్ ఒకే మాట చెప్పినప్పుడే మరణ కారణం రాస్తారు.

ఈ పనితనానికి పరాకాష్ఠ 1918 ఫ్లూ కథ. భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన ఆ వైరస్‌ను అప్పట్లో ఎవరూ చూడలేదు. జెఫరీ టాబెన్‌బర్గర్, ఆన్ రీడ్ బృందం వాషింగ్టన్‌లోని సైనిక పాథాలజీ సంస్థలో దాచిన పాత ముక్కలను తిరగేసింది. 1918 సెప్టెంబరులో చనిపోయిన 21 ఏళ్ల సైనికుడి ముక్క వాళ్లకు పనికొచ్చింది. చాలామందిలో మరణం నాటికి వైరస్ వెళ్లిపోయి బ్యాక్టీరియా న్యుమోనియానే మిగిలింది. ఈ సైనికుడి ఒక ఊపిరితిత్తిలో ఫ్లూ తొలిదశ గుర్తులు ఇంకా ఉన్నాయని ముందు మైక్రోస్కోపుతో కన్ను పసిగట్టింది, పీసీఆర్ ఆ తర్వాతే. 1997లో తొలి ఫలితం వచ్చింది. అదే ఏడాది 72 ఏళ్ల యోహాన్ హల్టిన్ అలాస్కాలోని గడ్డకట్టిన సమాధినుంచి మరో ముక్క తెచ్చిచ్చారు. 1951లో అక్కడికే వెళ్లి వైరస్‌ను పెంచలేక తిరిగొచ్చిన మనిషి ఆయన. తునక పక్కన తునక పేర్చి ఎనిమిది జన్యు ఖండాలూ 2005కి పూర్తిచేశారు.

మన దగ్గర అడ్డంకి వేరే. దేశంలో స్వైన్‌ఫ్లూ తొలి కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే తేలింది. శ్వాసకోశ జబ్బు మనకు కొత్తకాదు. అయితే పోయినవాళ్లను కోయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోవడమే కష్టం. ఆ బాధను తప్పుపట్టలేం. కోవిడ్ మొదట్లో సిబ్బంది భద్రత కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా కోతతో పోస్టుమార్టం వద్దంది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు అనుమతి తీసుకుని, దేహాన్ని తెరవకుండా బయాప్సీ సూదితో ఊపిరితిత్తి, గుండె, కాలేయాలనుంచి సన్నని పోగులు తీశారు. కుటుంబం మనసును, విజ్ఞానాన్ని కలిపి గౌరవించిన పద్ధతి అది.

1823లో ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిలో పెట్టిన వైద్య పాఠశాలకు వారసత్వంగా వచ్చిన జిప్‌మర్, 2024 ఫిబ్రవరి 25న యానాంలో 90 పడకల యూనిట్‌తో మన ఊరిదాకా వచ్చింది. వైరస్‌ను పట్టే యంత్రాలన్నీ ప్రతి ఊళ్లో ఉండనక్కర్లేదు. సరైన చోటునుంచి, సరైన మందంలో, సరైన సమయంలో ముక్క తీసి, సీసా మీద చోటు పేరు, తేదీ, గంట స్పష్టంగా రాసే చెయ్యి మాత్రం ప్రతి ఊళ్లో ఉండాలి. మొదటి చెయ్యి చెడగొట్టిన ముక్కను ఎంత గొప్ప ల్యాబూ బాగుచేయలేదు. ఆ శిక్షణ చిన్న ఊళ్ల ఆసుపత్రులకు అందితే, తర్వాత వచ్చే జ్వరం ఏదో గోదావరి ఒడ్డున పోయిన ఒక మనిషి ద్వారా మిగిలినవాళ్లందరికీ ముందే తెలుస్తుంది.