ఒకే ఇల్లు, రెండు దినచర్యలు

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు నాయకులందరికీ ఒకే దినచర్యను రాసిపెడుతున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, వ్యాయామం చేయాలి, అందరికన్నా ముందు ఆఫీసుకు చేరాలి. ఈ సలహా ఎంతవరకు చెల్లుతుందో తేలాలంటే, ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరు పనిచేసిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. లండన్‌లో బ్రిటన్ ప్రధాని నివాసమైన 10 డౌనింగ్ స్ట్రీట్‌లో అలాంటి జంట ఉంది. 1940 మే 10 నుంచి 1945 జూలై 26 వరకు విన్‌స్టన్ చర్చిల్, ఆ రోజు నుంచి 1951 అక్టోబరు 26 వరకు క్లెమెంట్ అట్లీ బ్రిటన్ ప్రధానులు. పార్టీలు వేరైనా రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నవారే. ఒకరి పని తీరు మరొకరికి బాగా తెలుసు.

చర్చిల్ ఉదయం ఎనిమిదింటి ప్రాంతంలో కళ్లు తెరిచేవారు గానీ పడక దిగేవారు కాదు. ఫలహారం, పత్రికలు, ఫైళ్ల పెట్టె అన్నీ అక్కడికే వచ్చేవి. మధ్యాహ్నం దగ్గరపడేదాకా దిండ్లకు ఆనుకుని స్టెనోలకు నోట్లు చెప్పి రాయించేవారు. భోజనం తర్వాత బట్టలు మార్చుకుని కనీసం గంటసేపు నిజమైన నిద్రే పోయేవారు. 1895లో క్యూబాలో యువ సైనికాధికారిగా ఉన్నప్పుడు పట్టుబడిన అలవాటు అది. తర్వాత స్నానం, రాత్రి భోజనం, ఆపైన రెండింటిదాకా, మూడింటిదాకా సమావేశాలు. ప్రధాని అయ్యేనాటికి ఆయనకు 65 ఏళ్లు. ఒక రోజును రెండు రోజులుగా మలచుకోవడానికి ఆ మధ్యాహ్నపు నిద్రే ఆధారం. పైగా ఆయన ఆలోచన నోటి ద్వారా సాగేది. మాట్లాడుతూ పోతేనే ఆయనకు విషయం స్పష్టపడేది. ఎదురుగా వినేవాళ్లు, రాసుకునేవాళ్లు ఉండేలా రోజంతా అమర్చుకోవడం ఆ స్వభావానికి అతికినట్టు సరిపోయింది.

అట్లీ మితభాషి, మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలీ పోరు చూసిన మేజర్. కాగితాలు చదివి సమావేశానికి వచ్చేవారు, మంత్రులూ అలాగే రావాలని కోరేవారు. రాసి ఇచ్చిన నోటునే మళ్లీ అప్పజెప్పేవారిని సాగనిచ్చేవారు కాదు. కొత్తగా చెప్పేది ఉంటే విని, తేలినదాన్ని రెండు ముక్కల్లో చెప్పి తర్వాతి అంశానికి వెళ్లేవారు. పత్రికలోని పదకేళి పూరించడం, క్రికెట్ స్కోరు తెలుసుకోవడం ఆయన విశ్రాంతి. స్కోర్లు వస్తాయని నచ్చజెప్పిన తర్వాతే వార్తల టెలిప్రింటర్ పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. రోజును నాటకీయంగా నడపాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

ఇక్కడిదాకా చూస్తే ఇద్దరూ గెలిచినట్టే. చర్చిల్‌ను అట్లీ వేళల్లో బిగిస్తే 1940 నాటి ఆ జోరు ఉండేది కాదు. అట్లీని అర్ధరాత్రి సభల్లోకి లాగితే ఆయన బలమైన ఏకాగ్రత చెదిరిపోయేది. అయితే నాయకుడి దినచర్య అతనొక్కడిదే కాదు. దాని చుట్టూ పదిమంది రోజులు తిరుగుతాయి. అసలు పోలిక ఇక్కడే మొదలవుతుంది.

చర్చిల్ రాత్రి సమావేశాల్లో కూర్చున్న సైన్యాధిపతి అలన్ బ్రూక్‌కు మధ్యాహ్నం నిద్రపోయే వీలు లేదు. పొద్దున్నే మళ్లీ త్రివిధ దళాధిపతుల సమావేశం ఉంటుంది. ఆ అలసట, ఆ విసుగు ఆయన డైరీల్లో పేరుకుపోయాయి. 1940 జూన్ 27న భార్య క్లెమెంటైన్ చర్చిల్‌కు ఉత్తరం రాసి, కింది ఉద్యోగులతో ఆయన ప్రవర్తన కటువుగా మారిందని హెచ్చరించారు. 1945 జనవరిలో ఉపప్రధాని అట్లీయే ఒక ఉత్తరం రాశారు. పేషీలో ఎవరి కంటా పడకూడదని స్వయంగా టైపు చేశారు. మంత్రుల ఉపసంఘాలు శ్రమించి తేల్చిన నివేదికలను ప్రధాని చదవకుండానే వచ్చి చర్చను సాగదీస్తున్నారన్నది అందులోని ఫిర్యాదు. చర్చిల్ మండిపడ్డారు. క్లెమెంటైన్ మాత్రం అట్లీ రాసింది నిజమేనన్నారు.

ఒకరి మాట కోసం అమర్చిన గదిలో ఆ ఒకరికి నచ్చని విషయానికి చోటు దొరకడం కష్టం. భారతదేశం ప్రస్తావన వస్తే మంత్రివర్గంలో చర్చిల్ చేసిన ఆవేశ ప్రసంగాలను భారత వ్యవహారాల మంత్రి లియో ఏమరీ డైరీల్లో రాసిపెట్టారు. 1943 బెంగాల్ కరువులో ధాన్యం ఓడల కోసం ఏమరీ మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆ ఘోరానికి దినచర్య కారణమని నేననను. కానీ ఎదుటివారి కాగితాన్ని ముందే చదివి, నోరు మూసుకుని వినే అలవాటు ఎంత విలువైనదో ఆ గది చెబుతుంది. అదే అలవాటున్న అట్లీ సైమన్ కమిషన్ సభ్యుడిగా ఈ దేశం తిరిగి చూశారు, యుద్ధకాలంలో భారత ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. 1948 జూన్ లోపు అధికారం అప్పగిస్తామని 1947 ఫిబ్రవరి 20న ప్రకటించింది ఆయనే.

అట్లీ పద్ధతికీ మూల్యం ఉంది. తనకు పట్టులేని ఆర్థిక విషయాల్లో ఆయన మౌనం నిర్ణయాన్ని జారనిచ్చింది. 1949 వేసవిలో పౌండు విలువ తగ్గించాలా వద్దా అన్న ప్రశ్న నలుగుతుండగా ఆర్థికమంత్రి క్రిప్స్ చికిత్స కోసం స్విట్జర్లాండ్‌లో ఉన్నారు. ముందుకు తోసింది గెయిట్‌స్కెల్ వంటి చిన్న వయసు మంత్రులు. చివరికి సెప్టెంబరులో పౌండు 4.03 డాలర్ల నుంచి 2.80కి దిగింది. 1951 ఏప్రిల్‌లో అట్లీ ఆస్పత్రిలో ఉండగా ప్రభుత్వ ఆరోగ్య సేవలో కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టడాన్ని నిరసిస్తూ మంత్రి అనైరిన్ బెవాన్ రాజీనామా చేశారు. తగవులను మాటలతో ముందే చల్లార్చే అలవాటు అట్లీకి తక్కువ.

తన స్వభావానికి తానే కళ్లెం వేసుకోవడంలో మాత్రం చర్చిల్ ఒక మెట్టు పైన ఉన్నారు. తన పేరుతో వచ్చే ఏ ఆదేశమైనా లిఖితపూర్వకంగా ఉంటేనే తనది అని 1940 జూలైలో నిర్దేశించారు. ఆగస్టులో నివేదికలు క్లుప్తంగా ఉండాలని నోటు పంపారు. ధారాళంగా మాట్లాడే మనిషి తన మాటకు సిరాతో హద్దు గీసుకోవడం గొప్ప ఆత్మజ్ఞానం. మౌనానికి అలాంటి విరుగుడును అట్లీ వెతుక్కోలేదు.

నా తీర్పు ఇది. తనను తాను ఎరిగి రోజును మలచుకునే కళలో చర్చిల్ గురువు. ఒక సంస్థ ఆరోగ్యంగా నడవాలంటే అట్లీ దినచర్యే మేలు, ఎందుకంటే అది ఇతరుల సమయాన్ని గౌరవిస్తుంది. నాయకత్వ స్థానంలో ఉన్నవారు ఎవరి వేళలనూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. మీకు సరిపడే దినచర్యనే రాసుకోండి. అమలు చేసేముందు దాన్ని మీ కింద పనిచేసేవారికి చూపించి, తమ రోజులో అది ఏ గంటను మింగుతుందో, ఏ మాటను నొక్కేస్తుందో చెప్పమనండి. వాళ్లు చెప్పిన మేరకు దిద్దుకోండి.