దొంగాట ఆడే డిస్క్

పూర్తిగా చచ్చిన హార్డ్‌డిస్క్ సంగతి ఎవరైనా చెప్పేస్తారు. పొద్దున కనబడకుండా పోయి, రీస్టార్ట్ చేయగానే ఏమీ ఎరగనట్టు ప్రత్యక్షమయ్యే డిస్కే మెకానిక్‌కు అసలు పరీక్ష. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల మంచి పనివాడు స్క్రూడ్రైవర్ కంటే ముందు ప్రశ్న తీస్తాడు: "ఫస్ట్ ఆన్ చేసినప్పుడేనా అన్నా, రీస్టార్ట్‌లో కూడానా?"

సగం పని ఆ ప్రశ్నే చేస్తుంది. ఆగి ఉన్న మోటారు పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. అరిగిన డిస్క్‌కు ఇంకాస్త ఎక్కువ. ఒక్కోసారి బయోస్ అంతసేపు ఆగదు. రీస్టార్ట్‌లో డిస్క్ అప్పటికే తిరుగుతుంటుంది కాబట్టి దొరికిపోతుంది. ఫస్ట్ ఆన్ చేసినప్పుడు మాత్రమే మాయమైతే అనుమానం మోటారు మీదికో, 12 వోల్టులు నిలబెట్టలేని పవర్ సప్లై మీదికో పోతుంది. రెండుసార్లూ మాయమైతే ముందు సాటా కేబుల్, పోర్టు చూస్తాడు.

డిస్క్ మీద వేలు ఆనించి తిరుగుతోందో లేదో పట్టేస్తాడు. టక్‌టక్ వినిపిస్తే మొహం మారుతుంది. లేదంటే డిస్క్ తన లోపాలను తానే లెక్కపెట్టుకునే స్మార్ట్ రీడింగ్ తెరుస్తాడు: 199వ నంబరు లెక్క పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌ది, 5, 197 పెరుగుతుంటే డిస్క్‌దే. కొన్ని మోడళ్లలో అడుగున ఉన్న బోర్డు విప్పి, నల్లబడ్డ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దుతాడు. ఒకసారికి ఒక్కటే మారుస్తాడు, నాకు ముచ్చటేసేది అదే. అయితే డిస్క్ కనబడ్డ మరుక్షణం ఇవన్నీ పక్కనపెట్టి ఫైళ్లు కాపీ చేస్తాడు.

కేబుల్ మార్చినందుకు ఇంతా అని బేరమాడేవాళ్లకు మాత్రం కొదవలేదు.