చెమట గెలిచిన పరుగు

వేగమే కొలబద్ద అయితే పరుగులో మనిషిది వెనుక వరుసే. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో ముగించిన ఉసేన్ బోల్ట్ ఆ పరుగులో అందుకున్న గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్ల లోపే. గుర్రమైనా జింకైనా దాన్ని అవలీలగా దాటిపోతుంది. అయితే దూరం పెరిగి, ఎండ ముదిరి, పరుగు గంటల తరబడి సాగాల్సి వచ్చినప్పుడు ఈ వరుస తారుమారయ్యే అవకాశం ఉంది.

1984లో అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ క్యారియర్ ఒక చిక్కుముడిని పండితుల ముందుంచారు. అంతే బరువున్న ఇతర క్షీరదాలతో పోలిస్తే మనిషి పరుగుకు దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతున్నప్పుడు, అంత దుబారా అలవాటు పరిణామక్రమంలో ఎలా నిలిచిందన్నది ఆయన ప్రశ్న. జవాబు ఒంటిని చల్లబరచుకునే తీరులో దొరికింది. నాలుగు కాళ్ల జంతువులు చాలా వరకు రొప్పుతూ, అంటే నోరు తెరిచి పైపై శ్వాసలు వేగంగా తీస్తూ, వేడిని వదులుకుంటాయి. కానీ దౌడు తీసేటప్పుడు వాటి ఊపిరి కాళ్ల లయకు ముడిపడి అంగకొక శ్వాసగా సాగుతుంది కనుక పరిగెత్తుతూ రొప్పడం వాటికి సాధ్యపడదు. మనిషి ఊపిరికి ఆ ముడి లేదు, ఒంటి మీద దట్టమైన బొచ్చూ లేదు. 20 లక్షలకు పైగా ఉన్న స్వేదగ్రంథులు చర్మాన్ని తడుపుతుంటే, ఆ చెమట ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. పైగా గుర్రానికి ప్రతి గతిలోనూ తక్కువ శక్తితో సాగే వేగం ఒకటి ఉంటుందనీ, మనిషి ఏ వేగంతో పరిగెత్తినా కిలోమీటరుకయ్యే ఖర్చు పెద్దగా మారదనీ, అందువల్ల వెంటాడే మనిషి ఎర జంతువుకు ఏ వేగం కష్టమో దాన్నే ఎంచుకోగలడనీ క్యారియర్ వాదించారు.

ఈ వాదనకు 2004లో ఎముకల సాక్ష్యం తోడైంది. పరిశోధకులు డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్మన్ ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసంలో, నడకకు అంతగా అక్కరలేకపోయినా పరుగుకు ఎంతో పనికొచ్చే నిర్మాణాలను వరుసగా చూపి, దూరపు పరుగు సుమారు 20 లక్షల ఏళ్ల కిందట హోమో ప్రజాతితో మొదలై ఉంటుందని ప్రతిపాదించారు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు అతికించే అకిలిస్ స్నాయుబంధనమూ, అరికాలి వంపూ పాదం నేలను తాకినప్పుడు స్ప్రింగులా సాగి శక్తిని దాచుకుని, కాలు లేచేటప్పుడు కొంత తిరిగిస్తాయి. చదునైన నేల మీద నడిచేటప్పుడు దాదాపు ఖాళీగా ఉండే పిర్రల పెద్ద కండరం, పరుగులో ముందుకు తూలబోయే మొండేన్ని పట్టి నిలుపుతుంది. పుర్రె వెనుక భాగాన్ని మెడకు కట్టి ఉంచే బంధనం తల ఊగిసలాడకుండా ఆపుతుంది. గుర్రాలకూ కుక్కలకూ ఉన్న ఈ కట్టు చింపాంజీలకు లేదు.

అయితే ఈ దేహం ఒక్కటే వేటను గెలిపించదనడానికి కలహారి ఎడారి నిదర్శనం. అక్కడి సాన్ వేటగాళ్లు కూడూ అనే పెద్ద కొమ్ముల జంతువును వెంటాడే తీరును పరిశోధకుడు లూయీ లీబెన్‌బర్గ్ 2006లో వివరంగా ప్రకటించారు. ఉష్ణోగ్రత 39 నుంచి 42 డిగ్రీల మధ్య ఉండే వేళ, కడుపు నిండా నీళ్లు తాగి బయలుదేరిన వేటగాడు రెండు నుంచి ఐదు గంటలు, ఒక్కోసారి 30 కిలోమీటర్లకు పైగా వెంటాడతాడు. కూడూ క్షణాల్లో కనుమరుగై ఏ చెట్టు నీడనో ఆగుతుంది. అది తేరుకునేలోపే అడుగుజాడలను చదువుకుంటూ అతడు మళ్లీ చేరాలి. అది మందలో కలిసిపోతే దాని గిట్టల గుర్తులనే మిగతావాటి నుంచి వేరుచేయాలి, లేకుంటే అలసిన జంతువును వదిలి అలసట ఎరుగని మరోదాని వెంట పడినట్టే. జాడ తెగిన చోట, తానే ఆ జంతువైతే ఎటు పోయేవాడో ఊహించాలి. కాళ్లకు ఉన్న ఓర్పు కళ్లకూ బుద్ధికీ కూడా ఉన్నప్పుడే, చివరికి ఒంట్లోని వేడి తాళలేక కూడూ నిలబడిపోతుంది.

తొలి మానవులు ఇలా వెంటాడి వేటాడారన్న సిద్ధాంతానికి అభ్యంతరాలూ వచ్చాయి. వారు తిరిగిన నేల చెట్లూ గడ్డీ కలగలిసినదనీ, అక్కడ జాడ తీయడం తేలిక కాదనీ, నేటి వేటజాతుల్లో ఈ పద్ధతి అరుదనీ 2007లో పరిశోధకులు ట్రావిస్ పికరింగ్, హెన్రీ బన్ ఎత్తిచూపారు. 2024లో యుజీన్ మోరిన్, బ్రూస్ వింటర్‌హాల్డర్ 16వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం తొలినాళ్ల వరకు ఉన్న రాతలను గాలించి, 272 ప్రాంతాల నుంచి ఇలాంటి వేటల వర్ణనలను దాదాపు 400 వెలికితీశారు. వాటిలో మంచునేలల మీది వేటలూ ఉన్నాయి కనుక ఎండ ఒక్కటే కారణమనడం కుదరదు. ఆ పద్ధతి ఒకప్పుడు అనుకున్నంత అరుదూ కాదు. ఇన్ని వర్ణనలైనా 20 లక్షల ఏళ్ల నాటి వేటను నేరుగా నిరూపించవు, అది జరగగలిగే పనేనని మాత్రం బలపరుస్తాయి.

ఈ చరిత్రను నేటి మారథాన్‌కు అనుమతిపత్రంలా చదివేవారు రెండు సంగతులు మరువరాదు. గంటకు లీటరుకు పైగా పోగల చెమట నీటితో నడిచే యంత్రం, కాబట్టి ఆ నీరు తిరిగి అందకపోతే మనిషికున్న గొప్ప బలమే ప్రమాదమవుతుంది. రెండోది, కలహారి వేటగాడు ఆద్యంతం పరిగెత్తడు. జాడ మసకబారిన చోట నడుస్తాడు, వంగి చూస్తాడు, మళ్లీ పరుగందుకుంటాడు. కొత్తగా పరుగు నేర్చుకునేవారు ఆయాసంతో నడకలోకి దిగినప్పుడు ఆ దేహం తన విద్యను మరిచినట్టు కాదు, ఆ విద్యలో నడక మొదటి నుంచీ ఉన్నదే.