ఢిల్లీలో నాటిన అబద్ధం

గూఢచారి కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. కృష్ణ నటించిన 'గూఢచారి 116', డిటెక్టివ్ నవలలు ఆ పిచ్చిని పెంచి పోషించాయి. వయసు పెరిగాక తుపాకులూ వేటలూ వెనక్కి పోయాయి కానీ, తెలివైనవాణ్ణి సైతం అబద్ధం ఎలా నమ్మిస్తారన్న కుతూహలం మాత్రం తగ్గలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో స్పెయిన్ దేశస్థుడు జువాన్ పుజోల్ లేని ఏజెంట్లను పుట్టించి, వాళ్ల పేరిట జర్మనీకి దొంగ నివేదికలు పంపాడు. అటు జర్మనీ ఐరన్ క్రాస్ ఇచ్చింది, ఇటు బ్రిటన్ పతకం ఇచ్చింది. మోసపోయింది నాజీలు గనక ఆ కథకు మనసారా చప్పట్లు కొడతాను. నన్ను నిద్రపోనివ్వని కథ వేరే ఉంది. అది మన దేశంలోనే మొదలైంది.

1983 జులైలో ఢిల్లీ పత్రిక 'పేట్రియాట్' ఒక లేఖ అచ్చువేసింది. రాసింది ఎవరో అమెరికా శాస్త్రవేత్తట, పేరు లేదు. ఎయిడ్స్‌ను మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్‌లో అమెరికా సైన్యమే పుట్టించిందనీ, ఆ ప్రయోగాలు ఇక పాకిస్తాన్‌కు తరలబోతున్నాయనీ అందులో ఉంది. తెర వెనక ఉన్నది సోవియట్ కేజీబీ.

ఆ పనితనం చూడండి. ఫోర్ట్ డెట్రిక్ ఉన్నమాట నిజం. నిక్సన్ 1969లో ఆపించేదాకా అక్కడ జీవాయుధాల పని జరిగిందన్నదీ నిజం. ఇక పాకిస్తాన్ పేరెత్తితే మనలో పుట్టే గుబులు అన్నిటికంటే నిజం. ఇన్ని నిజాల్లో ఒక్క అబద్ధం పాలల్లో నీళ్లలా కలిసిపోయింది. ఆ లేఖ అల్లినవాడు అమెరికా ప్రయోగశాలలకన్నా మన భయాలను శ్రద్ధగా చదివాడు.

రెండేళ్లు ఉలుకూ పలుకూ లేదు. 1985 అక్టోబరులో మాస్కో వారపత్రిక 'లితెరాతుర్నయా గజెతా' ఆ కథను మళ్లీ లేపింది. సాక్ష్యంగా చూపింది ఆ ఢిల్లీ పత్రికనే! తూర్పు జర్మనీ శాస్త్రవేత్త యాకోబ్ సెగాల్ దానికి సైన్సు రంగు పూశాడు. 1987 నాటికి అది 80కి పైగా దేశాలకు పాకింది. 1992లో రష్యా గూఢచార సంస్థ అధిపతి ప్రిమకోవ్ ఇది తమవాళ్ల పనేనని ఒప్పుకున్నాడు.

పుజోల్ మోసం చేసింది సైన్యాన్ని. వీళ్లు మోసం చేసింది జబ్బుపడ్డవాళ్లను, జబ్బుకు భయపడ్డవాళ్లను. ఇందులో ఎంత నేర్పున్నా నేను మెచ్చలేను.

ఆ అబద్ధం దేశాలు తిరుగుతున్న 1986లోనే మద్రాసులో డాక్టర్ సునీతి సాలొమన్ విద్యార్థిని నిర్మల సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించారు. వాటిని ఇంటి ఫ్రిజ్‌లో దాచి, రైల్లో వేలూరు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని అలా తేలింది. గూఢచారుల మీద సినిమాలు చాలానే తీశాం. మన దర్శకుల్లో ఎవరైనా ఈ రైలు ప్రయాణాన్ని కూడా తెరకెక్కించండి.