ఆ గొంతుకి ఆ పాట తగదా?

డిసెంబరు వచ్చిందంటే మా వీధి చివరింట్లో కాగితపు నక్షత్రం వెలుగుతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకో పాత తప్పు గుర్తొస్తుంది.

బి.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఎల్విస్ ప్రెస్లీ క్రిస్మస్ పాటల కేసెట్ ఒకటుండేది. రాత్రిపూట చిన్నగా పెట్టుకుని వినేది. ఓ రోజు వార్డెనమ్మ తలుపు తోసుకొచ్చి, "పండగపూట దేవుడి పాటలు వినాలిగానీ, ఆ నడుం తిప్పేవాడి పాటలేమిటే?" అని కసిరి, టేప్‌రికార్డర్ కట్టేసింది. నేను అడ్డుపడలేదు సరికదా, "నిజమే కదే, ఆ గొంతులో భక్తెక్కడుందీ?" అని వంత కూడా పాడాను. చెప్పొద్దూ, అప్పటికి ఆ కేసెట్ నేను ఒక్కసారైనా పూర్తిగా వినలేదు!

అచ్చం ఆ మాటే 1957లో అమెరికాలో పెద్ద పెద్దవాళ్ళు అన్నారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి ఎల్విస్‌కి 22 ఏళ్ళు. కుర్రకారుకి ఆరాధ్యదైవం, కన్నవాళ్ళకి కంటగింపు. అలాంటివాడు సెప్టెంబరులో హాలీవుడ్ స్టూడియోలో కూర్చుని క్రిస్మస్ పాటలు పాడేశాడు. అక్టోబరులో రికార్డు వచ్చింది. 'వైట్ క్రిస్మస్' రాసిన ఇర్వింగ్ బెర్లిన్ అది విని, తన పాటని వెక్కిరించినట్టుందని మండిపడ్డారట. దాన్ని వెయ్యొద్దని రేడియో స్టేషన్లకి ఫోన్లు చేయించారని చెబుతారు. కొన్ని స్టేషన్లు నిజంగానే వెయ్యలేదు. జనం మాత్రం ఎగబడి కొన్నారు. నాలుగు వారాలు అమ్మకాల్లో అదే మొదటి స్థానం.

బెర్లిన్‌ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. ఆయన రష్యా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన యూదు కుటుంబం బిడ్డ. క్రిస్మస్ ఆయన పండగ కానే కాదు. పైగా 1928లో సరిగ్గా క్రిస్మస్ నాడే నెల కూడా నిండని కొడుకుని పోగొట్టుకున్నారు. అలాంటి తండ్రి రాసిన పాటని 1942లో బింగ్ క్రాస్బీ నెమ్మదిగా, మంచు రాలినట్టుగా పాడాడు. ఆ పాటకి ఇంకో గొంతు తగులుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడి ఉంటుంది. కానీ ఎల్విస్ పాడిన తీరు అతని సొంతం కాదు. 1954లో డ్రిఫ్టర్స్ అనే నల్లజాతి గాయకుల బృందం పాడిన వరసనే అతను అనుసరించాడు. పాటని వెక్కిరించాలని కాదు, ఆ వరస మీది మోజుతో పాడాడు.

ఇక పాటల మంచిచెడ్డలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి వైపు అంతా బంగారం కాదు. ఒకటి రెండు పాటలు పిల్లల బొమ్మలకొట్లో వాయించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు. కానీ 'బ్లూ క్రిస్మస్' వినండి. పండగనాడు ఇంట్లో ఒక మనిషి లేని లోటు. వెనక మిల్లీ కిర్కమ్ మాటలేమీ లేకుండా తీసే రాగం, నవ్వో ఏడుపో తెలియకుండా సాగుతుంది. రెండోవైపు 'సైలెంట్ నైట్'లో అయితే కుర్రాడు మరీ ఒద్దికైపోయాడు, పెద్దల ముందు చేతులు కట్టుకున్నట్టు. అపచారం చేశాడని వాళ్ళ ఫిర్యాదు. అక్కడ భయపడ్డాడని నా ఫిర్యాదు!

ఆ రెండోవైపు చివర నాలుగు ప్రార్థనా గీతాలున్నాయి. అందులో 'టేక్ మై హ్యాండ్, ప్రీషియస్ లార్డ్' రాసింది థామస్ డార్సీ. 1932లో ఆయన ఊళ్ళో లేని సమయంలో భార్య పురిట్లో పోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలోంచి వచ్చిన పాట అది. ఆయన పాటల్ని కూడా, బ్లూస్ వాసన కొడుతున్నాయని మొదట్లో కొన్ని చర్చిలు గుమ్మం తొక్కనివ్వలేదు. చూశారా, ఒకే రికార్డులో మొదటివైపు ఒక తండ్రి, రెండోవైపు మరో తండ్రి! ఇక్కడ మాత్రం ఎల్విస్‌కి బెరుకు లేదు. అమ్మ పక్కన చర్చిలో కూర్చుని విన్న సంగీతం కదా. ఆ మరుసటి ఆగస్టులోనే ఆ అమ్మ కూడా పోయింది.

1970లో ఈ ఆల్బమ్‌ని తక్కువ ధరలో మళ్ళీ వేశారు. కోటి కాపీలకి పైగా అమ్ముడయింది అదే. అందులో ఈ నాలుగు ప్రార్థనలూ తీసేశారు! కొనేవాళ్ళు 1957 నాటి పన్నెండు పాటలదే వెతుక్కోండి.

హాస్టల్లో ఆ అమ్మాయి తల్లి ఆ ఏడు వేసవిలోనే పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాను.

మొన్న ధైర్యం చేసి ఫోన్ చేశాను. "నీ కేసెట్ ఏమైందే?" అన్నాను.

"అరిగిపోయింది. నువ్వెప్పుడైనా విన్నావా అసలు?"

"విన్నాను."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది. "రెండోవైపు కూడానా?"